పగలు మావో బొమ్మ, రాత్రి మరియ బొమ్మ

చైనాలో సాంస్కృతిక విప్లవం (1966-76) ఉధృతంగా సాగుతున్న రోజులవి. చర్చిలకు తాళాలు పడ్డాయి, బైబిళ్లు మంటల్లో కాలాయి. పట్నాల్లో చదువుకుంటున్న యువతీ యువకులను లక్షల సంఖ్యలో పల్లెలకు పంపి పొలం పనుల్లో పెట్టారు. నాన్‌జింగ్ నగరంలో 1950లో పుట్టిన హే చీ వారిలో ఒకడు. రెక్కలు విరిగే ఆ చాకిరీ నుంచి తప్పించుకోవడానికి అతనికి దొరికిన ఆసరా కుంచె. ఛైర్మన్ మావో చిత్రపటాలు గీసే పని దొరకడంతో పొలం పని తప్పింది. ఆ రోజుల్లోనే ఒక పాత పత్రిక అతని కంటపడింది. ఇటలీ చిత్రకారుడు రాఫెల్ దాదాపు 500 ఏళ్ల క్రితం గీసిన మరియ, బాలయేసుల చిత్రం అందులో అచ్చయి ఉంది. అంతే! ఆ తల్లి ముఖంలోని నెమ్మది అతణ్ణి కట్టిపడేసింది. పగలంతా మావోను గీసిన చేతులే రాత్రిపూట ఆ తల్లీబిడ్డలను గీయడం మొదలుపెట్టాయి.

ఆ కాలంలో మావో పటమంటే గోడకు వేలాడే మామూలు బొమ్మ కాదు. ఉదయం దాని ముందు నిలబడి ఆ రోజుకు ఆదేశాలు అడగడం, సాయంత్రం మళ్లీ దాని ముందే నిలబడి చేసిన పనులు విన్నవించుకోవడం ఆచారమైపోయింది. 1967లో వచ్చిన ‘అన్‌యువాన్‌కు వెళ్తున్న ఛైర్మన్ మావో’ అనే ఒక్క చిత్రమే 90 కోట్ల ప్రతులు అచ్చయిందని అంచనా. దేవుడే లేడని చాటిన రాజ్యంలో ఒక మనిషి పటానికి ఉదయకాల ప్రార్థన, సాయంకాల ప్రార్థన! దూరా మైదానంలో నెబుకద్నెజరు నిలబెట్టిన 60 మూరల బంగారు ప్రతిమ (దానియేలు 3) గుర్తుకు రాక మానదు. అలాగని షద్రకు, మేషాకు, అబేద్నెగోల్లా హే చీ ఎదురు తిరిగాడని మేము చెప్పబోవడం లేదు. అప్పటికింకా అతను యేసును ఎరిగినవాడు కాడు, కూడు పెట్టే పని చేశాడు. కాకపోతే ఒక పటం మనిషిని ఎంతగా లొంగదీసుకోగలదో దగ్గర నుంచి చూశాడు. ఇంకో పటం మనిషికి ఎంత నెమ్మదినివ్వగలదో కూడా చూశాడు. బొమ్మ అనగానే ఉలిక్కిపడే ప్రొటెస్టెంట్లమైన మనం ఈ చిత్రకారుడి గురించి తెలుసుకోవలసింది అందుకే.

1976లో మావో మరణించాడు. ఆ తర్వాత మెల్లమెల్లగా చర్చిల తాళాలు తెరుచుకున్నాయి. నాన్‌జింగ్ వేదాంత కళాశాల 1981లో మళ్లీ మొదలైంది. బైబిళ్లు కాల్చిన దేశంలోనే, అదే నాన్‌జింగ్‌లో, అమిటీ ముద్రణాలయం 1987 నుంచి బైబిళ్లు అచ్చువేస్తూ 2019 నాటికి 20 కోట్ల ప్రతులు పూర్తిచేసింది. హే చీ ఆ నగరంలోనే చిత్రకళ చదివి, జర్మనీలోని హాంబర్గ్‌లో మధ్యయుగాల క్రైస్తవ కళను అధ్యయనం చేసి, 1992లో డాక్టరేట్ అందుకున్నారు. సాంస్కృతిక విప్లవం తర్వాత చైనాలో మత చిత్రకళ మీద డాక్టరేట్ పొందిన మొదటి వ్యక్తి ఆయనేనంటారు. తర్వాత నాన్‌జింగ్ వేదాంత కళాశాలలో క్రైస్తవ కళను బోధించారు. 2004లో అమెరికా వెళ్లారు.

ఆయన చిత్రాల్లో మొదట కంటికి తగిలేది రంగు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు ఒకదాని పక్కన ఒకటి జంకూ గొంకూ లేకుండా నిలబడతాయి. వాటి చుట్టూ నల్లటి గట్టి గీతలు. ఐరోపా చర్చిల కిటికీల్లో రంగుటద్దాల ముక్కలను సీసపు పట్టీలతో అతికినట్టుంటుంది ఆ కూర్పు. హాంబర్గ్ చదువు ఊరికే పోలేదు! కానీ ముఖాలు మాత్రం చైనావి. విల్లులా వంగిన కనుబొమలు, సన్నటి కళ్లు, పీకింగ్ ఒపెరా నటుల అలంకరణను తలపించే ముఖ రేఖలు. చైనా పల్లెల్లో పండగకు ఎర్ర కాగితాన్ని కత్తెరతో కత్తిరించి కిటికీలకు అంటించే బొమ్మలున్నాయి. కొత్త సంవత్సరానికి తలుపుల మీద అతికించే అచ్చుబొమ్మలున్నాయి. ఆ జానపద విద్యలన్నీ ఆయన కుంచెలోకి దిగాయి. వెలుగునీడలతో బుగ్గకు గుండ్రదనం, చీర మడతకు మెత్తదనం తెచ్చే రాఫెల్ నేర్పు ఇక్కడ వెదికినా దొరకదు. రాత్రుళ్లు రాఫెల్‌ను చూసి గీసినవాడు చివరికి రాఫెల్ పద్ధతినే పక్కన పెట్టేశాడన్నమాట. అట్టిపెట్టుకున్నది ఆ నెమ్మదిని మాత్రమే.

ఆయన ఎంచుకున్న ఘట్టాలు మనం ఆదివారం ఆదివారం వినేవే. నీటిలో దొరికిన మోషే, యాకోబు కల, రూతు నయోమిల ప్రయాణం, ఎస్తేరు, గెత్సేమనే తోట, ఎమ్మాయు దారి. తుపానును గద్దించి నిమ్మళింపజేసిన ప్రభువు (మార్కు 4) చిత్రం చాలామందికి తెలుసు. పదేళ్ల పాటు దేశమంతా తుపానులో కొట్టుకుపోవడం చూసినవాడు ఆ ఘట్టాన్ని ఎందుకు గీశాడో వేరే చెప్పాలా? పీకింగ్ ఒపెరాలో ఎర్ర ముఖం నమ్మకస్తుడిది, తెల్ల ముఖం కపటిది, నల్ల ముఖం న్యాయం తప్పనివాడిది. నటుడు నోరు తెరవకముందే ప్రేక్షకుడు గుణం చదివేసుకుంటాడు. మన వీధి భాగవతంలో వేషం చూడగానే ‘ఫలానావాడు వచ్చాడు’ అని పిల్లలు కూడా చెప్పేసినట్టే! అక్షరం రాని అవ్వకు కూడా కథ అందాలన్న ఆరాటం ఈ విద్యలో ఉంది.

మా సంఘ యువజన కూటంలో ఒకసారి ఈ చిత్రాల ప్రతులు కొన్ని చూపించాము. సంఘపెద్ద ఒకాయన కళ్లజోడు సర్దుకుని తేరిపార చూసి, “అయ్యగారూ, ఈయన యేసయ్యా? భాగవతుల వేషంలా ఉందే! మన యేసయ్య ఇలా ఉండరు కదండీ” అన్నారు. మరెలా ఉంటారని అడిగాము. ఆయన తడుముకోలేదు. భుజాల మీదికి జారిన గోధుమరంగు జుట్టు, ఒద్దికైన గడ్డం, తెల్లని మేనిఛాయ, కాస్త పైకెత్తిన చూపు... అన్నీ చెప్పారు. ఆ గుర్తులు ఏ సువార్తలోనూ లేవు. ఆయన ఇంటి గోడ మీది క్యాలెండర్‌లో ఉన్నాయి.

ఆ క్యాలెండర్ బొమ్మకూ ఒక పుట్టుక ఉంది. షికాగోలో వార్నర్ సాల్మన్ అనే వాణిజ్య చిత్రకారుడు 1924లో ఒక క్రైస్తవ పత్రిక ముఖచిత్రం కోసం బొగ్గుతో గీసి, 1940లో రంగుల్లో వేసిన ‘క్రీస్తు శిరస్సు’ అది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో చిన్న కార్డులుగా అమెరికా సైనికుల జేబుల్లోకి చేరింది. లోకమంతటా 50 కోట్లకు పైగా ప్రతులు అచ్చయ్యాయి. సాల్మన్ భక్తిపరుడు, మంచి ఉద్దేశంతోనే గీశాడు. ఆయన్ను తప్పుపట్టడం లేదు. తనవాళ్ల కోసం తనవాళ్ల పోలికలతో గీసుకున్నాడు, అది అతని హక్కు. నూరేళ్లు కూడా నిండని ఆ రంగుల ముఖం తెలుగు పల్లెలోని విశ్వాసి మనసులో ‘అసలు ముఖం’గా తిష్ఠ వేయడమే చిక్కు.

నిజానికి ప్రభువు రూపాన్ని గురించి సువార్తికులు నలుగురూ ఒక్క ముక్క కూడా రాయలేదు. ఎత్తెంతో, రంగేమిటో, గడ్డం ఎలా ఉండేదో ఎక్కడా లేదు. ఆయనలో కంటికి ఇంపైన సొగసు లేదని ప్రవక్త ముందే చెప్పాడు (యెషయా 53:2). గెత్సేమనే రాత్రి సంగతి చూడండి. పట్టుకోవడానికి వచ్చిన గుంపుకు యూదా ముద్దును గుర్తుగా ఇవ్వవలసి వచ్చింది (మత్తయి 26:48). కళకళలాడే ముఖంతో, పదిమందిలో ప్రత్యేకంగా కనిపించే మనిషే అయితే గుర్తు దేనికి? గలిలయ చేపలవాళ్ల మధ్య ఆయన మరో గలిలయవాడిలాగే ఉన్నాడు. పునరుత్థాన ఉదయాన మగ్దలేనే మరియ ఆయన్ను తోటమాలి అనుకుంది (యోహాను 20:15). వాక్యం శరీరధారి కావడమంటే ఇదే మరి. ఆ శరీరానికి ఒక ఊరు ఉంది, ఒక యాస ఉంది, ఎండకు కమిలిన చర్మం ఉంది.

ఆయన యూదుడు కదా, చైనావాడిగా గీయడం అబద్ధం కాదా అని ఒక సోదరి అడిగారు. మంచి ప్రశ్న. చరిత్రను చూపించడమే చిత్రకారుడి ఉద్దేశమైతే అది అబద్ధమే. అప్పుడు రాఫెల్ గీసిందీ అబద్ధమే, ఆయన మరియ ఇటలీ ఆడపడుచు. లూథరు ప్రసంగించిన విట్టెన్‌బర్గ్ చర్చిలో 1547 నాటి క్రానాక్ చిత్రం ఉంది. అందులో ప్రభువు కడరాత్రి భోజనపు బల్ల చుట్టూ కూర్చున్న శిష్యుల్లో ఒకరిది సాక్షాత్తు లూథరు ముఖమే! 16వ శతాబ్దపు జర్మన్ దుస్తులవాడు పాత్రను అందిస్తుంటే ఆయన అందుకుంటున్నాడు. దానిని చూసి ఎవరూ చరిత్ర తప్పిందని గొడవ చేయలేదు. ఈ బల్ల మనకూ వేశారని విట్టెన్‌బర్గ్ విశ్వాసులు చదువుకున్నారు. జర్మన్లకు చెల్లిన న్యాయం చైనావాళ్లకు చెల్లదంటే ఎలా?

పైగా చైనాలో ఈ ప్రశ్నకు ముల్లు ఉంది. నల్లమందు యుద్ధంలో ఓడిన చైనా చేత 1842లో ఇంగ్లండు ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నది నాన్‌జింగ్ దగ్గరే, ఒక యుద్ధనౌక మీద. అటువంటి ఒప్పందాల నీడలోనే మిషనరీలు లోపలి ప్రాంతాలకు వెళ్లగలిగారు. వారిలో ప్రాణాలు ధారపోసిన మహానుభావులున్నారు, సందేహం లేదు. కానీ ఊరివాళ్ల కంటికి సువార్త, ఫిరంగి ఒకే ఓడ దిగాయి. ఒక క్రైస్తవుడు పెరిగితే ఒక చైనీయుడు తగ్గినట్టేనని అక్కడ సామెతలా చెప్పుకునేవారు. అటువంటి చోట గోడ మీది క్రీస్తు ఇంగ్లిషు దొరలా కనిపిస్తే, నోటితో ఎంత సువార్త చెప్పినా బొమ్మ దానికి అడ్డం తిరుగుతుంది.

నిజం చెప్పాలంటే సువార్త చైనాకు ఓడల కంటే వెయ్యేళ్లకు పైగా ముందే నడిచి వచ్చింది. క్రీ.శ. 635లో అలొపెన్ అనే సిరియా సంఘపు బోధకుడు పర్షియా వైపు నుంచి రాజధాని చాంగాన్ చేరాడు. ఆ కథను చెక్కిన 781 నాటి శిలాశాసనం ఇప్పటికీ షియాన్ నగరంలో ఉంది. దాని తలకట్టులో ఒక సిలువ, సిలువ కింద తామర పువ్వు. హే చీ చేసిన పని చైనాకు కొత్త కాదన్నమాట. ఎప్పుడో ఆగిపోయిన పనిని మళ్లీ అందుకున్నారు.

మన సంగతికి వద్దాం. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ తెరిచి చూడండి. కీర్తన మీద రాగం పేరు, తాళం పేరు. పురుషోత్తమ చౌదరి (1803-1890) వంటి పెద్దలు మన రాగాలను ప్రభువు పాదాల దగ్గర పెట్టారు. ఆ రాగాలు అంతకు ముందు ఎక్కడ మోగాయని ఎవరూ అడగలేదు, ఈరోజు అవే మన ఆస్తి. చెవికి మన రాగం కావాలి, కంటికి మాత్రం పరాయి ముఖం కావాలి! ఈ తేడా ఎందుకొచ్చిందో మాకు ఎంత ఆలోచించినా అంతుపట్టదు. మందిరంలో బొమ్మలే కూడదనే వారు కూడా మెదక్ కెథడ్రల్‌కు చుట్టాలను తీసుకెళ్లి ఆ రంగుటద్దాల కిటికీలను గర్వంగా చూపిస్తారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ మందిరానికి ఆ కిటికీలను రూపొందించింది ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. అవి అందమైనవే, కాదనలేం. కిటికీకి లేని అభ్యంతరం కాగితానికి ఎందుకన్నదే ప్రశ్న.

ఈ పని తెలుగునాట జరగలేదనుకుంటే పొరపాటు. లూథరన్ పాస్టరు, వేదాంత పండితుడు డాక్టర్ పులిదిండి సాల్మన్ రాజు గారు విజయవాడలో సెయింట్ లూక్స్ లలితకళా ఆశ్రమం నెలకొల్పి, మైనం పూసి రంగు అద్దే బాతిక్ బట్టల మీద, చెక్క అచ్చుల మీద సువార్త ఘట్టాలను మన మనుషుల పోలికలతో చిత్రించారు. 2019లో ప్రభువు సన్నిధికి చేరిన ఆయన పేరు విదేశాల్లోని క్రైస్తవ కళాభిమానులకు తెలిసినంతగా మన సంఘాలకు తెలియదు. ఏం చేస్తాం, క్యాలెండర్ బజార్లో తేలిగ్గా దొరుకుతుంది.

ఇక రెండో ఆజ్ఞ (నిర్గమకాండము 20:4-5). దీనిని దాటవేసి బొమ్మల గురించి మాట్లాడే హక్కు ఏ పాస్టరుకూ లేదు. మన ప్రొటెస్టెంట్ పితరులే దీని దగ్గర రెండు దారులయ్యారు. జూరిక్‌లో జ్వింగ్లీ కాలంలో, 1524లో, చర్చిల నుంచి చిత్రాలు, విగ్రహాలు అన్నీ తొలగించారు. లూథరు వైఖరి వేరు. విట్టెన్‌బర్గ్‌లో జనం పటాలు పగలగొడుతున్నారని విని 1522 మార్చిలో దాగున్న కోట విడిచి వచ్చి, 8 రోజులు వరుసగా ప్రసంగించాడు. ముందు హృదయంలోని విగ్రహాన్ని వాక్యంతో పెకలించాలన్నది ఆయన వాదన. 1534లో ఆయన తెచ్చిన జర్మన్ బైబిల్‌లో వందకు పైగా చెక్క అచ్చు చిత్రాలున్నాయి.

మా మట్టుకు మేము ఇత్తడి సర్పం దగ్గర ఆగుతాము. అరణ్యంలో దానిని చేయమన్నది దేవుడే (సంఖ్యాకాండము 21). పాము కరిచినవాడు దానివైపు చూసి బ్రతికాడు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే సర్పానికి ఇశ్రాయేలీయులు ధూపం వేయసాగారు. హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించి, అది ఉత్త ఇత్తడేనని తేల్చేశాడు (2 రాజులు 18:4). దేవుడు చేయించినదాన్ని పగలగొట్టించినందుకు ఆ రాజుకు మెప్పే దక్కింది! వస్తువు మారలేదు, చూసేవాళ్ల చేతుల్లోకి ధూపం వచ్చింది. మన ఇళ్లలో యేసయ్య పటానికి దండ వేసి, సీరియల్ బల్బులు చుట్టి, బయటికి వెళ్తూ దానిని తాకి కళ్లకద్దుకునే అలవాటు ఎంత ప్రబలిందో ఇల్లిల్లూ దర్శించే పాస్టర్లందరికీ తెలుసు. అటువంటి చోట ముఖం తెల్లదైనా, చైనాదైనా, మన చామనఛాయదైనా ఒకటే, హిజ్కియా పని హిజ్కియా చేయాలి. ఈ విషయంలో హే చీ చిత్రాలకు ఒక సుగుణం ఉంది. అవి కథ చెబుతాయి. ఎదురుగా నిలబడి నీ కళ్లలోకి చూసి నమస్కారం కోరే ముఖాలు తక్కువ. పడవ, దారి, బల్ల, తోట... ఎవరో ఒకరు ఏదో ఒక పనిలో ఉంటారు. దండ వేద్దామన్నా ఎవరికి వేయాలో తోచదు.

ఆయన గీసిందల్లా మాకు నచ్చిందని కాదు. సిలువ ఘట్టంలో కూడా ఆ రంగులు అంతే కళకళలాడుతుంటే మాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. గొల్గొతా అంత ముచ్చటైన చోటు కాదు. నెత్తురు, చెమట, ఈగలు ఉన్న చోటు. బాధను ఆయన మరీ మెత్తగా దాటేస్తారనిపిస్తుంది. అయితే ఇంకోవైపు నుంచి కూడా ఆలోచించాలి. సాంస్కృతిక విప్లవపు బొమ్మల్లో బిగించిన పిడికిళ్లు, తెరిచిన నోళ్లు, శత్రువు మీదికి లేచిన చేతులు చూసి చూసి, స్వయంగా గీసి గీసి విసిగిపోయిన మనిషి ఆయన. తనను క్రీస్తు వైపు లాగింది ఒక తల్లి ముఖంలోని నెమ్మదేనని ఆయనే చెప్పుకున్నారు. ఆ నెమ్మదిని సిలువ దగ్గర కూడా వదలలేకపోవడం ఆయన బలహీనతో, బలమో! దాడులు, తగులబెట్టడాలు చూసిన సంఘాల వాళ్లు మా కంటే బాగా చెప్పగలరు.

పోయిన క్రిస్మస్ ముందు మా సండే స్కూల్ పిల్లలకు తెల్ల కాగితాలు, రంగు పెన్సిళ్లు ఇచ్చి బేత్లెహేము గీయమన్నాము. ఎదురుగా ఏ బొమ్మా పెట్టలేదు. ఎక్కువమంది మంచు గీశారు. పొగగొట్టం ఉన్న ఇల్లు, కొండ మీద పైన్ చెట్లు, పసుపుపచ్చ జుట్టు బిడ్డ. ఒక్క పాప కాగితంలో మాత్రం తాటాకు పాక ఉంది. నులక మంచం మీద చీర కొంగు తలమీద కప్పుకున్న మరియ, భుజాన తువ్వాలుతో యోసేపు, పాకలో సగం ఆక్రమించిన గేదె ఒకటి. మిగతా పిల్లలు ఆ గేదెను చూసి పడీపడీ నవ్వారు. మీరెవరైనా మంచు చూశారా అని అడిగితే లేదన్నారు. మరి ఎందుకు గీశారంటే, “కార్డులో అట్లే ఉంటది కదండీ” అన్నారు. గేదెను ఎందుకు గీశావని ఆ పాపను అడిగాము. తెల్లవారుజామున వాళ్లమ్మ పాలు పిండేటప్పుడు తనూ పాకలోనే కూర్చుంటుందట.